పదకొండు నిమిషాల వాంగ్మూలం

ఫిబ్రవరి 12

ఈ నోటు పుస్తకం మొదటి పేజీలో ‘నా న్యాయవాదికి మాత్రమే’ అని రాయమన్నారు హైమావతి గారు. రాశాను. అలా రాసి ఉన్నదాన్ని అధికారులు గానీ కోర్టు గానీ చూపించమనడానికి లేదట. నాలుగు మాటలు రాస్తే కాగితానికి తాళం పడుతుందా అని నాకు అనుమానమే. అయినా లాయరు చెప్పారు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు బమ్మిడి ఎర్నమ్మ. నలభై మూడేళ్ళు. కొత్తరేవు డిపోలో చేతి డ్రైవర్ని. డిపోలో డెబ్బై బస్సులుంటే అరవై తొమ్మిది వాటంతటవే వెళ్ళి వస్తాయి. మూగదారి దగ్గర మాత్రం వాటి ఆటలు సాగవు. ఆ పన్నెండు కిలోమీటర్ల కొండదారిలో ఏ సంకేతమూ అందదు. గేటు దగ్గరే మొరాయించి నిలబడిపోతాయి. ఆ దారిలో నడిచేది స్టీరింగున్న ముప్పై నాలుగో నంబరు బస్సు ఒక్కటే. ఉదయం అరవై ఒక్క మంది కూలీలను నేను సముద్రగోడ దగ్గర దింపుతాను. సాయంత్రం వాళ్ళను గంటా సింహాద్రి వెనక్కి తీసుకొస్తాడు. డిపోలో చేతి లైసెన్సు ఉన్నది మా ఇద్దరికే.

తొమ్మిదో తేదీన ఉదయం ట్రిప్పు ముగించుకుని వచ్చి, అద్దాలకు పట్టిన ఉప్పు కడుగుతున్నాను. తేజోమూర్తి అనే ఆయన వచ్చాడు. రహదారి ప్రాధికార సంస్థలో విచారణాధికారి. మెత్తగా మాట్లాడతాడు.

“మీ మీద కేసేమీ లేదండీ. ఊరికే నాలుగు మాటలు మాట్లాడి పోదామని వచ్చాను,” అన్నాడు.

వచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడితే ఏం బాగుంటుందని టీ తెప్పించాను.

జనవరిలో మా బస్సుకి కొత్త స్టీరింగు బిగించారు. పట్టుకున్న చేతుల బిగువుని అది చదువుతుందట. పదకొండేళ్ళ కిందట లైసెన్సు పరీక్షలో నమోదైన పట్టుతో ఇప్పటి నా పట్టుని పోల్చి చూసిందట. రెండూ కలవలేదట.

“ఆ రోజు పరీక్షకి కూర్చున్నది మీరేనా అని చిన్న సందేహం. అంతే,” అన్నాడు టీ ఊదుకుంటూ.

నాకు నవ్వొచ్చింది. నేను కాకపోతే మా అమ్మ కూకున్నాదేటి అన్నాను. ఆయనా నవ్వాడు. తరవాత దారి గురించి, బస్సు గురించి, నా ఉద్యోగం గురించి ఏవేవో మాట్లాడుకున్నాం. పోతూ పోతూ తెర ఉన్న ఒక పలక చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు. ‘ఇష్టపూర్వకంగా మాట్లాడాను. పదకొండు నిమిషాలు’ అని ఉంది. పెట్టాను.

పదకొండో తేదీన నోటీసు వచ్చింది. నా బదులు వేరొకరిని పరీక్షకి పంపానని అభియోగం. కోర్టులో రుజువైతే మూడేళ్ళు జైలు. అప్పుడు పరిగెత్తాను లాయరు దగ్గరికి.

“పదకొండు నిమిషాలా?” అన్నారు హైమావతి గారు. కలం కింద పెట్టేశారు. “ఏం మాట్లాడారు?”

“ఏటీ నేదండి. మనిషితో మాటాడినట్టే మాటాడేను.”

“అదే అడుగుతున్నాను. ఏమని?”

ఎంత తవ్వుకున్నా సగమే గుర్తొచ్చింది.

“సరే. ఇక మీదట ఎవరు అడిగినా మీ నోట ఒకటే మాట రావాలి. ‘మా లాయరు లేకుండా మాట్లాడను.’ దాని పైన ఒక్క అక్షరం వద్దు.”

“అలగంటే తప్పు సేసిందనుకోరా అమ్మా?”

“అనుకోనివ్వండి. అనుకోవడం సాక్ష్యం కాదు.”

ఫిబ్రవరి 14

నాకు నచ్చని సంగతి ఒకటి ఉంది. లాయరు గారు చదువుతారని తెలిసే రాస్తున్నాను. ఆవిడ ఆఫీసు గోడ మీద ఒక ఫొటో ఉంది. పది మంది వరసగా నిలబడ్డారు, వెనకాల రహదారి ప్రాధికార సంస్థ గుర్తు. ఆ వరసలో ఆవిడ ఉన్నారు. ఆరేళ్ళు ఆ సంస్థకే లాయరుగా పనిచేశారట. గుమాస్తాని అడిగితే చెప్పాడు.

నిన్న ఆవిడ “నా దగ్గర ఏదీ దాచకండి” అన్నారు. తల ఊపాను గానీ దాచాను. ఆరేళ్ళు వాళ్ళ ఉప్పు తిన్న మనిషి. నేను చెప్పింది ఆ తలుపు దాటి పోదని నమ్మకం ఏమిటి?

ఈ రోజు ట్రిప్పులో మూడో మలుపు దగ్గర స్టీరింగు నన్ను చూస్తున్నట్టు అనిపించింది. కళ్ళు లేని వస్తువు చూడటమేమిటి? చేతులకు చెమట పట్టింది. ఆ చెమట కూడా రాసుకుందేమో.

ఫిబ్రవరి 16

చెప్పేశాను.

ముందు ఆవిడనే అడిగాను, ఆ ఫొటో ఏమిటని. ఆవిడ తడబడలేదు.

“అవును, వాళ్ళ వైపు ఉన్నాను. జనం ఎక్కడ నోరు జారతారో అక్కడే నేర్చుకున్నాను. నమ్మకం లేకపోతే వేరే లాయరుని చూసుకోండి, కాగితాలన్నీ ఇప్పుడే ఇచ్చేస్తాను. నా దగ్గరే ఉంటే మాత్రం మొత్తం చెప్పాలి.”

నాలుగేళ్ళ కిందట సముద్రగోడ మెట్ల మీద జారి పడ్డాను. కుడి మణికట్టు విరిగింది. చేతికి దెబ్బ తగిలితే ముప్పై రోజుల్లో సంస్థకి తెలపాలని నియమం. తెలిపితే లైసెన్సు పక్కన పెడతారు. మళ్ళీ పరీక్ష నెగ్గాలి. పరీక్షాధికారి మా జిల్లాకి ఏడాదికి ఒక్కసారే వస్తాడు. ఆ ఏడాదంతా నేను ఇంట్లో కూర్చోవాలి. ఈలోగా నా చోట ఇంకొకరిని వేసేస్తారు.

సింహాద్రే అన్నాడు, “నువ్వొచ్చి పక్కన కూకో. నీ ట్రిప్పూ నానే ఏసేత్తాను” అని. అయిదు వారాలు అలాగే నడిచింది. యంత్రంలో పెట్టిన లైసెన్సు బిళ్ళ నాది, స్టీరింగు మీద చేతులు అతనివి. ఉప్పుగాలికి మా క్యాబిన్ తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. లోపల ఎవరు తోలుతున్నారో కూలీలకు కనిపించదు. అప్పటి స్టీరింగు బిళ్ళని మాత్రమే గుర్తుపట్టేది, చేతుల్ని కాదు.

ఎముక అతికింది గానీ పట్టు మునుపటిలా లేదు. యంత్రానికి తేడాగా కనిపించింది అదే.

అంటే పరీక్షకి కూర్చున్నది నేనే. మోసం అక్కడ జరగలేదు. జరిగింది వేరే చోట, అది వాళ్ళు అడగలేదు. ఎందుకు పట్టు మారిందో చెబితే మొదటి నేరం నుంచి బయటపడతాను, రెండో దాంట్లో పడతాను. సింహాద్రిని వెంట లాక్కుని మరీ.

ఆవిడ చాలాసేపు రాసుకున్నారు. తరవాత ఇలా చెప్పారు:

“ఇవి రెండు వేరు వేరు చోట్లు, కలిపేసుకోకండి. సంస్థ విచారణ మీ లైసెన్సు గురించి. అక్కడ సందేహం ఉంటే చాలు, తీసేసుకుంటారు. మాట్లాడకపోతే దాన్ని కూడా మీ మీదే వేస్తారు. కోర్టు జైలు గురించి. అక్కడ మీరు నోరు తెరవకపోయినా తప్పు పట్టడానికి లేదు, నిరూపించాల్సిన పని వాళ్ళది. చిక్కేమిటంటే, మొదటి చోట అన్న మాట రెండో చోటికి నడుచుకుంటూ వస్తుంది.”

“అంటే లైసెన్సు కావాలంటే మాటాడాల, జైలు వద్దంటే నోర్మూసుకోవాల. అంతేనామ్మా?”

“అంతే. ఇంకొకటి. సింహాద్రికి వేరే లాయరు ఉండాలి. మీ ఇద్దరికీ నేను ఉండకూడదు, రేపు ఒకరి మాట ఒకరికి అడ్డం రావచ్చు. దీని గురించి మీరు అతనితో మాట్లాడకండి. మాట్లాడితే ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. అదో కొత్త కేసు.”

ఫిబ్రవరి 21

చూసింది: ఉదయం పదిన్నరకి డిపో ఎదుట టీ బడ్డీ దగ్గర తేజోమూర్తి, సింహాద్రి ఒకే బల్ల మీద కూర్చున్నారు. తేజోమూర్తి మాట్లాడుతున్నాడు. సింహాద్రి గ్లాసు చూసుకుంటూ ఉన్నాడు. నన్ను చూడగానే తల అటు తిప్పుకున్నాడు.

అనుకున్నది: ఇద్దరూ బేరం మాట్లాడుకుంటున్నారు.

మధ్యాహ్నం బస్సు అప్పగించేటప్పుడు బ్రేకు కాస్త గట్టిగా ఉందని చెప్పాను. “సరే” అన్నాడు. పదేళ్ళలో మా మధ్య అంత చిన్న మాట ఎప్పుడూ లేదు. నిన్నటిదాకా వాళ్ళ కోడలి సీమంతం దగ్గరనుంచి తన మోకాలి నొప్పి దాకా చెప్పేవాడు. ఏమైందన్నా అని అడగబోయి లాయరు గారి మాట గుర్తొచ్చి మానేశాను. అతనూ అడగలేదు. ఏ తప్పూ లేని మనిషయితే అడగడా?

ఫిబ్రవరి 27

మా ఆయన గవరయ్య గోడ దగ్గర పంపుల మీద పనిచేస్తాడు. అన్నాల దగ్గర కూర్చుని తన మనసులో మాట బయటపెట్టాడు.

“ముందు నువ్వే సెప్పీ. ఇలాంటి వాటిల్లో ముందు నోరిప్పినోడు సాచ్చి, తరవాత ఇప్పినోడు ముద్దాయి. ఆడు సెప్పీసినాక నువ్వెంత మొత్తుకున్నా ఎవడింటాడు?”

“సిమ్మాద్రన్న అలాంటోడు కాదు.”

“అయితే రోజూ ఆ ఆఫీసరుతో టీలేటి?”

రోజూ కాదు, నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ చాలింది. నా లైసెన్సు పోతే మూగదారిలో రెండు ట్రిప్పులూ అతనివే. చేతి డ్రైవరుగా జిల్లాలో అతని విలువ రెట్టింపవుతుంది. ఇన్నేళ్ళూ ఈ లెక్క నా బుర్రకి ఎందుకు తట్టలేదా అనిపించింది. తట్టాక పోవడం లేదు.

మార్చి 5

సంస్థలో విచారణ. చిన్న గది. బల్లకి అవతల ఒక అధికారిణి, పక్కన తేజోమూర్తి. గోడ మీద రెండు గీతలు వేసి చూపించారు. ఒకటి పదకొండేళ్ళ నాటి పట్టు, ఇంకొకటి ఇప్పటిది. పక్కపక్కన పెట్టి చూస్తే నాకే ఇద్దరు వేరు మనుషుల్లా అనిపించింది.

“ఈ తేడాకి మీరేమంటారు?” అని అడిగింది అధికారిణి.

“మా లాయరు గారి సలహా మీద జవాబివ్వడం లేదండి,” అన్నాను. ఇంట్లో పాతికసార్లు అనుకున్న మాటే.

“మీ మౌనాన్ని ఇక్కడ మీకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు. తెలుసా?”

“తెలుసండి.”

హైమావతి గారు లేచి, యంత్రం పోలిక ఒక్కటే చాలదని అరగంట వాదించారు. అధికారిణి రాసుకుంది, విన్నది, చివరికి లైసెన్సు నిలిపివేస్తున్నట్టు చెప్పింది. మెడలో ఉన్న బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాను. పదకొండేళ్ళు మెడకి ఆనుకుని ఉన్నదేమో, తీశాక కూడా అక్కడ చల్లగా ఉన్నట్టే ఉంది.

బయటికి వచ్చాక నాకు కోపం ఆగలేదు. “ఒక్క మాట సెప్పుంటే బిళ్ళ దక్కేదమ్మా!”

“దక్కేదేమో. ఆ ఒక్క మాట పట్టుకుని కోర్టులో మిమ్మల్ని లోపల వేసేవాళ్ళు,” అన్నారావిడ. నిజమే కావచ్చు. ఆవిడే సంస్థవాళ్ళకి పని సులువు చేసిపెట్టారేమో అని కూడా అనిపించింది. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మార్చి 12

నన్ను బస్సులు కడిగే చోటికి మార్చారు. తమంతట తాము వచ్చే బస్సులు వరసలో ఆగుతాయి, కడిగించుకుని పోతాయి. వాటితో మాట అక్కర్లేదు. ముప్పై నాలుగుని మాత్రం సింహాద్రి తోలుకొస్తాడు, రోజుకి రెండుసార్లు. క్యాబిన్ లోంచి దిగకుండా అద్దం ఎత్తేసుకుని కూర్చుంటాడు. నేను చక్రాలు కడుగుతాను.

కూలీల మేస్త్రి నా దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: “అమ్మా, నిన్న ఆఫీసరొచ్చి మమ్మల్నందర్నీ అడిగేడు. ఎర్నమ్మ కాకుండా ఇంకెవరైనా తోల్డం సూసేరా అని. తలుపేసుంటాది, మాకేటి తెలుస్తాదన్నాం.”

వాళ్ళు వెతుకుతున్నది పరీక్ష నాటి సంగతి కాదు. ఆ అయిదు వారాల సంగతి. దాని గురించి తెలిసిన మనుషులు ఈ భూమ్మీద నలుగురు. నేను, మా ఆయన, లాయరు, సింహాద్రి. మొదటి ముగ్గురిలో ఎవరు చెబుతారు?

మార్చి 18

కోర్టు మొదటి రోజు. నా ముందు పదహారు కేసులు పిలిచారు. బోనులో నిలబడితే ఛార్జిషీటు చదివి వినిపించారు. ఇప్పుడు నేరాలు రెండు. మొదటిది, నా బదులు వేరొకరిని పరీక్షకి కూర్చోబెట్టడం. రెండోది, నా బిళ్ళతో వేరొకరికి బస్సు అప్పగించడం. రెండోది విన్నప్పుడు బోను కమ్మీ పట్టుకున్నాను.

మేజిస్ట్రేటు గారు బక్కపల్చని పెద్దాయన. “నేరం ఒప్పుకుంటున్నారా?” అని అడిగారు.

“లేదండి.”

అంతే. ఈ రోజు నేను చెప్పాల్సింది ఆ ఒక్క మాటే. ఊరు విడిచి వెళ్ళకూడదనీ, సాక్షులెవరితోనూ కేసు గురించి మాట్లాడకూడదనీ షరతు పెట్టి సొంత పూచీకత్తు మీద వదిలారు. సాక్షుల జాబితా చదివారు. మూడో పేరు గంటా సింహాద్రి.

“చూశారా?” అన్నాను లాయరు గారితో.

“పేరే చూశాం. ఏం చెప్పాడో చూడలేదు,” అన్నారు.

మార్చి 24

ప్రాసిక్యూటరు కబురు పంపాడు. నేను సింహాద్రి మీద సాక్ష్యం చెబితే నా మీది రెండు నేరాలూ వదిలేస్తారట. తన వంతు కాని ట్రిప్పుల్లో వేరొకరి బిళ్ళతో జనాన్ని తోలాడని అతని మీద కేసు పెడతారట.

“మీ ఇష్టం,” అన్నారు హైమావతి గారు. “ఇది నిర్ణయించాల్సింది మీరే. నేను కాదు.”

“ఒప్పుకుంటాను,” అన్నాను.

అన్న తరవాత ఊపిరి తేలిగ్గా వచ్చింది, సిగ్గు వేయలేదు. అతను నన్ను అమ్మేశాడు కాబట్టి నేనూ అమ్ముతున్నాను, అంతే కదా.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “వారం గడువు ఉంది. వాళ్ళ దగ్గరున్న కాగితాలన్నిటి నకళ్ళూ మనకివ్వాలి, అది చట్టం. అవి చదివాకే జవాబు పంపుదాం. ఎవరు ఏమన్నారో తెలియకుండా బేరానికి దిగకూడదు.”

ఈ ఆలస్యం ఎవరి కోసమో అని మళ్ళీ అనుమానం వచ్చింది.

మార్చి 30

నకళ్ళు వచ్చాయి. నూట నలభై పేజీలు. లాయరు గారి బల్ల దగ్గర కూర్చుని, గీతలూ లెక్కలూ దాటేసి, సింహాద్రి పేరున్న చోటికి వెళ్ళాను.

అతన్ని మూడుసార్లు ప్రశ్నించారు. ఫిబ్రవరి 20, 21, మార్చి 11. మొత్తం ముప్పై ఎనిమిది ప్రశ్నలు. ముప్పై ఎనిమిదింటికీ జవాబు ఒకటే: ‘మా లాయరు లేకుండా మాటాడను బాబూ.’

“అతని లాయరు ఎవరమ్మా?” అన్నాను.

“ఎవరూ లేరు. కనుక్కున్నాను. ఇంతవరకూ లాయరుని పెట్టుకోలేదు.”

ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాను. నాలుగో ప్రశ్న ఇలా ఉంది: ‘ఎర్నమ్మ గారు మాకు అంతా చెప్పేశారు. అయిదు వారాలు ఆవిడ బిళ్ళతో నువ్వు తోలావట. ఇక నువ్వు దాచి లాభమేముంది?’

“ఎంత అబద్దం!” అని అరిచాను. గుమాస్తా తల తిప్పి చూశాడు. “నాను సెప్పేనట! ఎప్పుడు సెప్పేను?”

హైమావతి గారు ఎనభై ఎనిమిదో పేజీ తీసి నా ముందు పెట్టారు. నా వాంగ్మూలం. పదకొండు నిమిషాలూ ఆ పలక రికార్డు చేసుకుందట, మాట పొల్లు పోకుండా ఉంది. ఏడో నిమిషం దగ్గర ఆవిడ వేలు ఆగింది.

‘తేజోమూర్తి: పదకొండేళ్ళలో ఒక్క రోజు కూడా సెలవు పెట్టలేదటండీ మీరు?

ఎర్నమ్మ: సెలవెక్కడ బాబూ. సెయ్యి బాగోనప్పుడు కూడా మాననేదు. ఆ అయిదు వారాలూ సిమ్మాద్రన్న తోలీవోడు, నానొచ్చి పక్కన కూకునేదాన్ని. మాకలగ ఎల్లిపోద్ది.

తేజోమూర్తి: టీ బాగుందండీ.’

చదివాను. ఇంకోసారి చదివాను. ఆ మాట అన్నట్టు నాకు ఇప్పటికీ గుర్తు లేదు. కానీ అది నా మాటే. ‘మాకలగ ఎల్లిపోద్ది’ అని నేనే అంటాను, ఇంకెవరూ అనరు. గొప్ప కోసం అన్నాను. ఒక్క రోజు కూడా మానలేదని ఆయన మెచ్చుకుంటే ఉబ్బిపోయి అన్నాను.

సింహాద్రికి ఫిబ్రవరి 20 నుంచే తెలుసు. నేను చెప్పేశానని తెలిసి కూడా, రెండు ట్రిప్పులూ తోలుకుంటూ, నోరు కట్టుకుని ఉన్నాడు. నేను మాత్రం నెల రోజులుగా ఈ పుస్తకం నిండా అతన్ని దొంగని చేసి రాశాను.

“ప్రాసిక్యూటరుకి ఏం చెప్పమంటారు?” అన్నారు లాయరు గారు.

“సాచ్చం సెప్పనని సెప్పండి. జైలుకైనా పోతాను.”

“జైలు సంగతి తరవాత. ఈ పేజీ వాళ్ళకి ఎంత ఆయుధమో మనకీ అంతే. నిదానంగా చదవనివ్వండి నన్ను,” అన్నారు. ఆవిడ ముఖంలో మొదటిసారి ఉత్సాహం చూశాను. ఆ ఫొటో వైపు చూడాలని కూడా అనిపించలేదు.

ఏప్రిల్ 9

సాక్ష్యాలు నడిచాయి. సాక్షుల్ని వంతు వచ్చేదాకా గది బయటే కూర్చోబెడతారు, ఒకరి మాట ఒకరు వినకూడదని. సింహాద్రి తెల్ల చొక్కా వేసుకుని వరండాలో బెంచీ చివర కూర్చున్నాడు. తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయాను.

మొదట స్టీరింగు నిపుణుడు వచ్చాడు. లాయరు గారు ఆయన్ని గంటసేపు నిలబెట్టారు.

“పదకొండేళ్ళ నాటి ఆ పట్టు రికార్డుని పాత యంత్రాల నుంచి కొత్త వాటికి ఎన్నిసార్లు మార్చారు?”

“రెండుసార్లండి.”

“మారిన తరవాత సరిగ్గా ఉందో లేదో సరిచూసిన మనిషి ఎవరు?”

“మనిషి కాదండి. యంత్రమే చూసుకుంటుంది.”

“ఆ రోజు పరీక్ష పెట్టిన అధికారిని అడిగారా, కూర్చున్నది ఈవిడేనా అని?”

“ఆయన రిటైరయ్యారండి.”

“రిటైరైన మనిషి మాట్లాడలేడా? వెతికారా?”

“లేదండి.”

అప్పుడు తీశారు ఎనభై ఎనిమిదో పేజీ. “మీ సంస్థ తెచ్చిన ఈ కాగితంలోనే చెయ్యి బాగోలేదని ఉంది. చెయ్యి బాగోలేకపోతే పట్టు మారుతుందా, మారదా?”

ఆయన ప్రాసిక్యూటరు వైపు చూశాడు. “మారొచ్చండి,” అన్నాడు.

మధ్యాహ్నం సింహాద్రిని పిలిచారు. ప్రాసిక్యూటరు సూటిగా అడిగాడు, నాలుగేళ్ళ కిందట ఎర్నమ్మ బిళ్ళతో బస్సు తోలావా అని. మేజిస్ట్రేటు గారు మధ్యలో ఆపి, తనకే చుట్టుకునే ప్రశ్నకి జవాబివ్వకుండా ఉండే హక్కు అతనికి ఉందని వివరించారు.

సింహాద్రి చేతులు కట్టుకున్నాడు. “అయితే సెప్పనండి బాబూ.”

ఇంకో రెండు ప్రశ్నలకీ అదే జవాబు. దిగి వెళ్ళిపోయాడు. బోను పక్కనుంచే నడిచాడు గానీ నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 16

తీర్పు. పరీక్ష విషయంలో, ఎవరూ సరిచూడని రికార్డు మీద ఆధారపడి ఒక మనిషిని జైలుకి పంపలేమన్నారు. రెండో విషయంలో, ముద్దాయి టీ తాగుతూ అన్న మాట తప్ప మరో ఆధారం లేదు, ఆ మాటకి తోడుగా ఒక్క సాక్షి గానీ ఒక్క రికార్డు గానీ లేనప్పుడు అది చాలదన్నారు. రెండూ కొట్టేశారు.

కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. గవరయ్య ఏడ్చేశాడు. హైమావతి గారు కాగితాలు సర్దుకుంటూ, “లైసెన్సు ఇప్పుడే రాదు, అది సంస్థ చేతిలో ఉంది. పద్దెనిమిది నెలలు ఆగి మళ్ళీ పరీక్షకి కూర్చోవాలి. కోర్టు గెలిచామని అక్కడ గెలిచినట్టు కాదు,” అన్నారు.

“ఈ కేసు గెలిపించింది ఎవరమ్మా?” అని అడిగాను.

“మీకు తెలుసు కదా,” అన్నారు.

ఏప్రిల్ 18

ఇప్పుడు మాట్లాడొచ్చు. కేసు లేదు, షరతూ లేదు.

ఉదయం ట్రిప్పు దింపి వచ్చి ముప్పై నాలుగుని కడిగే చోట ఆపాడు సింహాద్రి. ఈసారి అద్దం దించాడు. దిగి వచ్చి, నేను పట్టుకున్న గొట్టం పక్కకి జరిపి, గట్టు మీద కూర్చున్నాడు.

“మాటలు మానేసి ఎన్నాళ్ళయిపోనాదో,” అన్నాడు. “నీతో మాటాడితే కొత్త కేసెడతానన్నాడా ఆఫీసరు. అందుకే నీకేసి సూడ్డం కూడా మానేసేను. ముకం సూస్తే నోరు ఆగదు నాకు.”

“నిన్ను మూడుసార్లు అడిగేరట గదన్నా. ఎందుకు సెప్పనేదు?”

“ఏటి సెప్పేది? మొదటి రోజే నాతో ఏటన్నాడో తెల్సా? ‘ఎర్నమ్మ అంతా సెప్పీసింది, నువ్వే మిగిలేవు’ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎర్నమ్మ నా పేరెత్తడమేటి! ఈడొట్టి అబద్దాలకోరని ఆ నిమిషమే తెలిసిపోనాది. అలాంటోడితో మనకి మాటలేటి? ఆడేటడిగినా అదే ముక్క అప్పసెప్పేను.”

నవ్వుతున్నాడు. అతనికి తెలియదు. నా వాంగ్మూలం చదివినప్పుడు అతను వరండాలో ఉన్నాడు. తీర్పు నాడు మూగదారిలో ఉన్నాడు. నేను ఊరుకుంటే ఇది ఇక్కడితో సరి. ఊరుకోవడం నాకు బాగా అలవాటైంది ఈ రెండు నెలల్లో.

“ఆడు అబద్దమాడనేదన్నా,” అన్నాను. “నాను సెప్పేను. మొదటి రోజే, టీ తాగుతా. కావాలని కాదు, నోరు జారిపోనాది. కాయితం మీద సూసేదాకా నాకే తెలీదు.”

నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, కళ్ళు మాత్రం మారాయి. గొట్టంలోంచి నీళ్ళు మా ఇద్దరి కాళ్ళ మీదుగా పారుతున్నాయి.

“ఇంకా ఉన్నాది,” అన్నాను. “నువ్వే సెప్పీసేవనుకున్నాను. నీ మీద సాచ్చం సెప్తానని లాయరమ్మతో ఒప్పుకున్నాను. తరవాత మానేసేను గానీ, ఒప్పుకున్నది నిజం.”

సింహాద్రి లేచాడు. ప్యాంటుకి అంటిన తడి దులుపుకున్నాడు. బస్సు చుట్టూ ఒకసారి నడిచి నాలుగు చక్రాలూ చూసుకున్నాడు, నేను అక్కడ లేనట్టే.

“ఇయ్యన్నీ నాకెందుకు సెప్పేవు ఎర్నమ్మా?” అన్నాడు చివరికి.

“నీకు తెలియాల గదా.”

“తెలియకపోతే ఏటయ్యీది?”

అతను క్యాబిన్‌లోకి ఎక్కి తలుపు వేసుకున్నాడు. బస్సు కదిలి, పది అడుగులు పోయి ఆగింది. అద్దంలోంచి చెయ్యి బయట పెట్టి, ముందుకే చూస్తూ అన్నాడు.

“ఆ సెయ్యి ఎముకల డాట్రుకి సూపించు. అప్పుడే సరిగ్గా అతకనేదది. పద్దెనిమిది నెలల్లో పరీచ్చ ఉన్నాది నీకు.”

బస్సు గేటు దాటి వెళ్ళిపోయింది.